క్లబ్బులో డప్పు

ఆ శనివారం పొద్దున ఆకాశం మబ్బుపట్టి ఉంది. వాన పడలేదు, ఎండా రాలేదు. ఉయ్యూరు పక్క ఊళ్లో అబ్రహాము వాకిట్లో కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. కొడుకు కృపానందం దుప్పట్లో ఏదో చుట్టడం చూశాడు.

"ఏంట్రా అది?"

"డప్పు నాన్నా. మైలవరంలో కొన్నాను."

అబ్రహాము కొడవలి పక్కన పెట్టాడు. ఆయన తండ్రి బాప్తిస్మం తీసుకున్న రోజున తన డప్పు కాలవలో వదిలేశాడు. అప్పటిదాకా ఊళ్లో ఎవరు పోయినా శవం ముందు ఆయనే కొట్టాలి. కొట్టినందుకు ఇచ్చే గింజలు కూడా ఎత్తు నుంచి పోసేవారు. ఆ తర్వాత ఆ ఇంట్లో డప్పు మోగలేదు.

"ఇవాళ సాయంత్రం బెజవాడ క్లబ్బులో కొత్తరకం సంగీతం నాన్నా. మా ఆఫీసు వెంకటకృష్ణారావు గిటారు, నేను డప్పు. పాట ఉండదు. తాళం ముందే అనుకోం. ఒకళ్లది విని ఇంకొకళ్లు వాయించడమే. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు."

"టిక్కెట్టు లేదు గనకే నిన్ను రమ్మన్నారు."

"అమ్మా, చూడు మరి!"

"మీ మధ్యకి నన్ను లాగకండి," అంది దానమ్మ పొయ్యి ఊదుతూ. "ఆఫీసులో కుర్చీ ఇస్తే, వీడు డప్పు పట్టుకు బయల్దేరాడు."

"కుర్చీలో కూర్చున్నా నేనెవరో వాళ్లకి తెలుసమ్మా. దాచుకుంటే పోతుందా? ఒక్కసారి మన డప్పుని వాళ్లు సంగీతంగా వినాలి."

"వినరురా," అన్నాడు అబ్రహాము. "మీ తాత అందుకే వదిలేశాడు."

"తాత భయపడ్డాడు."

అబ్రహాము చెయ్యి లేచింది గానీ కొట్టలేదు. "పో," అన్నాడు.

కృపానందం వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అబ్రహాము చర్చికి వేసుకునే చొక్కా తీసి తొడుక్కున్నాడు. దానమ్మ కూడా చీర మార్చుకుంది.

మబ్బుకి డప్పు తోలు మెత్తబడిపోయింది. కృపానందం క్లబ్బు వెనక పాత పేపర్లకి నిప్పంటించి దాన్ని కాచుకున్నాడు. లోపల ముప్పైమంది ఉన్నారు, సగంమంది చేతుల్లో పేక. కుర్చీలు ఖాళీగానే ఉన్నా అబ్రహాము, దానమ్మ తలుపు దగ్గరే నిలబడ్డారు.

గిటారు గీరినట్టు మోగింది. డప్పు ఆగి ఆగి జవాబిచ్చింది. ముందు పుల్లతో, తర్వాత ఒట్టి వేళ్లతో. అందులో చావు లేదు. పేక పట్టుకున్న చేతులు ఆగాయి. దానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చప్పట్లు కొట్టారు. క్లబ్బు సెక్రటరీ తిరుపతిరావు గిటారు కుర్రాడికి చెయ్యిచ్చి, కృపానందం వైపు తిరిగాడు. మెచ్చుకుంటూనే అన్నాడు.

"చెయ్యి భలే తిరిగిందోయ్! మా మేనమామ ఇవాళో రేపో అన్నట్టున్నాడు. కబురు పెడతాను, నువ్వే రావాలి."

"అలాగేనండీ," అన్నాడు కృపానందం. ఎందుకన్నాడో వాడికే తెలీదు. వెంకటకృష్ణారావు తల దించుకుని గిటారు తీగలు సర్దుకున్నాడు.

బయట తండ్రిని చూసి కృపానందం ఆగిపోయాడు. "ఆయనన్నది విన్నావా నాన్నా?"

"విన్నాను. నీ డప్పూ విన్నాను. బాగా కొట్టావు."

కృపానందం కళ్లు తుడుచుకున్నాడు. "తాత భయపడలేదు నాన్నా."

"తెలుసురా."

ఇంటికొచ్చాక దానమ్మ ముగ్గురికీ అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. భోజనానికి ముందు ప్రార్థన రోజూ అబ్రహామే చెబుతాడు. ఆ పూట కళ్లు మూసుకున్నాడు గానీ మాట రాలేదు. కాసేపటికి కళ్లు తెరిచి ముద్ద కలిపాడు. ఆయన్ని చూసి వాళ్లిద్దరూ కలిపారు.