కనుబొమ్మ మీది గాటు

“ఆపు! కత్తి పక్కన పెట్టు!”

వానలో తడిసి ముద్దయి గుమ్మంలోకి వచ్చిపడింది ఓరియో. అచ్చు చెక్క మీద వంగి బొమ్మ చెక్కుతున్న తోమెకిచి తలెత్తలేదు. రెప్పపాటు ఏమరితే నటుడు హాన్నోజో ముక్కు ఎగిరిపోతుంది మరి! అతని కొత్త నాటకం ఇంకో వారంలో మొదలు. ఆలోగా ఈ బొమ్మ అచ్చయి ఎడో నగరమంతా అమ్ముడుపోవాలి.

“బొమ్మలో తప్పుంది. నా కాగితం నాకిచ్చెయ్.”

“ఇంకెక్కడి కాగితం, ఓరియో గారూ? చెక్కకి బోర్లా అంటించి దానిమీదే చెక్కేశాను.”

ఓరియో తండ్రి చెయ్యి వణకడం మొదలై ఏడాదైంది. ఆయన పేరుతో బొమ్మలు గీస్తున్నది కూతురేనని తోమెకిచికి తప్ప ఎవరికీ తెలియదు. నమూనా చూడటానికి ప్రచురణకర్త ఏ క్షణంలోనైనా వస్తాడు. తప్పు పట్టుకున్నాడంటే ఇక నాన్నకి పని ఇవ్వడు.

“తప్పెక్కడ?”

“కుడి కనుబొమ్మ మీద గాటు. హాన్నోజోని ఇవాళ దగ్గర్నుంచి చూశాను. అతనికి అక్కడ ఏమీ లేదు.”

“మరి ఎవరి గాటు గీశారు?”

“ఏమో! చెయ్యి గీసేసింది.”

అప్పుడు తలెత్తాడు తోమెకిచి. అతని కుడి కనుబొమ్మ మీద, చిన్నప్పుడు ఉలి తగిలిన గాటు.

“కాగితం మీద పోల్చుకోలేకపోయాను. బోర్లా అంటించేసరికి అద్దంలో చూసుకున్నట్టే ఉంది. మూడు రోజులుగా నా మొహం నేనే చెక్కుకుంటున్నాను. అడుగుదామంటే భయం. హాన్నోజో అంటే మీరు పడిచస్తారని వీధంతా ఒకటే మాట.”

“వీధికేం తెలుసు? అతన్ని ఎప్పుడో ఓసారి చూస్తాను. రోజూ చూసే మొహం నీది.” ఆమెకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. “చెప్పించుకున్నావుగా, ఇక తీసెయ్!”

“తీస్తే మళ్ళీ రాదు.”

“తెలుసు.”

సందు మొదట్లో ప్రచురణకర్త గొంతు వినిపించింది.

తోమెకిచి కత్తి అందుకోలేదు. చెక్కకి గబగబా సిరా రాశాడు, కాగితం పరిచి రుద్దాడు. గాటుతో సహా ఒక్క ప్రతి లేచింది. దాన్ని ఓరియో చేతిలో పెట్టి, అప్పుడు కత్తి తీసి ఆ గీతని చెక్కి పారేశాడు.

లోపలికొచ్చిన ప్రచురణకర్త, గాటు లేకుండా తీసిన రెండో ప్రతిని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

“హాన్నోజోయే దిగొచ్చినట్టుంది! మీ నాన్న పనితనం చెక్కుచెదరలేదమ్మాయ్,” అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఓరియో తన కిమోనో చేతిమడతలో దాచిన మొదటి ప్రతిని మెల్లగా బయటికి తీసింది. సిరా ఆమె మణికట్టుకి అంటుకుంది.

“నా మొహం నాకివ్వవా?” తోమెకిచి నోటి వెంట ‘మీరు’ ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు.

“ఇవ్వను,” అంది ఓరియో. “ఇది నాది.”