గొల్లభామ నడక

కడవ కోసం మొదలైన తగవు సంగటి ఉడికేదాకా సాగింది.

తన నీళ్ల కడవనూ, ఎర్రంచు చీరనూ మొగుడు మళ్లీ పశువుల కొట్టంలోకి పట్టుకుపోయాడని సుంకమ్మ గోల. మగవాడు ఎద్దుల ముందు చీర కట్టుకొని కులుకుతూ నడిస్తే, రేపు అవి వాడి మాట విని కాడి కిందికి వస్తాయా అని అత్త నాగలక్ష్మమ్మ గోల. ఓబన్న మాత్రం కొట్టంలో కడవ నెత్తిన పెట్టుకొని, మూడడుగులు ముందుకు, ఒకటి వెనక్కు వేస్తూనే ఉన్నాడు.

ఆత్మకూరు దగ్గరి ఆ ఊరి చెక్కభజన జట్టు ఏటా శివరాత్రికి, శ్రీశైలం నడిచిపోయే భక్తుల ముందు ఆడుతుంది. పెరుగమ్మే గొల్లభామ వేషం ఈసారి ఓబన్నకు దక్కింది. నలభై ఏళ్లకు దక్కిన మొదటి వేషం. మీసం కూడా తీసేశాడు. అడుగులు వచ్చాయి గానీ నడకే రాలేదు.

"నెత్తిన పెరుగు కుండ పెట్టుకున్న ఆడదానివా, జొన్నమూట మోస్తాండే హమాలీవా?" అన్నాడు గురువు బసవన్న. శుక్రవారానికి కుదరకపోతే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా చెప్పాడు.

ఆ మాట విన్నాక ఓబన్న మూడు రోజులు, నీళ్లకు పోయే పెళ్లాం వెనకాలే వంకలోని చెలమ దాకా నడిచాడు. కొత్త పెళ్లికొడుకు కూడా ఇంత కాపలా కాయడని తోటి ఆడవాళ్లు నవ్వితే, సుంకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అతని చూపు మాత్రం ఆమె మెడ మీద, పాదాల మీదే ఉంది.

శుక్రవారం సాయంత్రం భజన గుడి ముందు జట్టు సాధనలో ఓబన్న కుండతో నడిచాడు. మెడ కదలలేదు, కుండ తొణకలేదు. చూస్తున్న ఆడవాళ్లు సుంకమ్మను మోచేత్తో పొడిచి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"వేషం నీదేలే ఓబన్నా," అన్నాడు బసవన్న. "అయితే ఆ ఎడమ కాలు ఎందుకు ఈడుస్తాండావు? అది తీసెయ్."

"తీసేస్తే నడక పోతాది సామీ. మా ఆడమనిషి అట్లే నడుస్తాది."

తన మాట తనకే వినబడి ఓబన్న ఆగిపోయాడు. నవ్వులూ ఆగాయి. నాగలక్ష్మమ్మ తలతిప్పి కోడలి కాలి వైపు చూసింది.

ఇంటికొచ్చాక అతను అడిగితే, పోయినేడు వంక గట్టు మీద జారినప్పటి నుంచీ కాలు అట్లాగే ఉందని సుంకమ్మ చెప్పింది.

"కడవ ఎట్ల పగిలిందని అందరూ అడిగితిరి," అంది నెమ్మదిగా. "కాలు సంగతి ఎవురూ అడగలా."

కడవ పగిలిన ఆ రోజు అందరికన్నా గట్టిగా అరిచింది నాగలక్ష్మమ్మే. ఆమె లేచి ఆముదం వెచ్చజేసింది. కోడలు వద్దంటున్నా వినక, ఆ కాలును ఒళ్లో పెట్టుకొని రాసింది. మధ్యలో రెండుసార్లు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పిల్లలతో సహా అందరూ సంగటి ముందు కూర్చున్నాక, తలమీద కడవ కింద పెట్టుకునే చుట్టకుదురును నాగలక్ష్మమ్మ తెచ్చి కొడుకు పక్కన పెట్టింది.

"రేపట్నుంచి నీళ్లకు ఓబన్న పోతాడు. శివరాత్రి అయిపోయినంక కూడా వాడే," అంది. "చీర మాత్రం ఇంట్లో పెట్టి పో నాయనా."