నడిమి ఫ్రేములు

భవాని పేట్‌లో గంజి వాసన కొట్టే ఓ గల్లీ. కింద మరమగ్గాలు, పైన ఋతుజ ఫోటో దుకాణం. పొద్దున్నుంచి పెళ్లి బ్యానర్లు చేసీ చేసీ ఆమె మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. అయినా సిద్ధరాములు కాకను కాదనలేకపోయింది. ఆయన భార్య చంద్రభాగ పోయి తొమ్మిది రోజులు. రేపు దినాలు. చుట్టాలకు ఫోన్‌లో పంపడానికి కదిలే బొమ్మ కావాలన్నాడు.

ఇచ్చినవి రెండే ఫోటోలు. ఒకదాంట్లో చంద్రభాగ గడప దగ్గర నిలబడింది. రెండోదాంట్లో అదే గదిలో, కండెలు చుట్టే రాట్నం పక్కన. ఋతుజ వాటిని రెండు ఫ్రేములుగా పెట్టి ‘ట్వీన్’ నొక్కింది. నడిమి ఫ్రేములు కంప్యూటరే నింపుతుంది. మొదటి ఫోటో మాసిపోతుంటే రెండోది తేలుతుంది. అంతకుమించి దానికేమీ రాదు. ఐదు ఫ్రేములు తయారు కాగానే, ఓపిక లేక ఆడించి చూడకుండానే, కుంభారిలో ఉండే కాక కూతురు ఆరతికి పంపేసింది.

సాయంత్రం కాక వచ్చాడు. ఋతుజ బొమ్మను ఆడించింది.

చంద్రభాగ మాసిపోలేదు.

నడిచింది.

గడప నుంచి రాట్నం దాకా... ఫ్రేముకో అడుగు.

కింద మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు మాత్రం పోలేదు. గదిలో తడి నూలు ముక్కిపోయిన వాసన...

“కాకా, నేనిట్ల చెయ్యలే...”

ముసలాయన ఏడుస్తాడనుకుంది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

“మళ్ల పెట్టు.”

పెట్టింది. ఇంకోసారి పెట్టబోతే చెయ్యి పట్టి ఆపాడు.

“ఎనిమిదేండ్ల సంది నా పెండ్లాం ఎడమ కాలు ఈడ్చుకుంటనే నడిచేది బిడ్డా.”

తెర మీది మనిషి చక్కగా అడుగులేస్తోంది.

“చీర దానిదే. మొఖం దానిదే...” ఆయన తెర మీద వేలు పెట్టాడు. “నడక దానిది కాదు. తీసెయ్.”

ఒక్కొక్కటిగా ఐదు ఫ్రేములూ తీసేసింది. రెండు ఫోటోలే మిగిలాయి, ఎలా ఇచ్చాడో అలాగే. కింద మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కాక మెట్లు దిగిపోయాడు. ఋతుజ బల్ల మీద తల వాల్చింది. ఒళ్లంతా అలసట. ఈ పూటకు ఇక చాలు.

ఫోన్ మోగింది. ఆరతి మెసేజ్.

“నువ్వు పంపిన బొమ్మ మస్తు మంచిగొచ్చింది అక్కా. అమ్మ సేమ్ అట్లనే కుంటుతుంది, చూసి ఏడ్సిన. గని ఒక్కటి చెప్పు... అమ్మ చెయ్యి పట్టి గుంజుతున్నది ఎవరు?”