గోదావరి ముంచిన మామిడి

పిస్టల్ కణతకు ఆనాక ఏజెంట్ కిషన్‌లాల్ ఆవలించాడు.

"భయం లేదా అని అడుగు," ఇంగ్లీషులో అన్నాడు లండన్ వ్యాపారి హార్వే.

పిస్టల్ పట్టుకున్నది హార్వే దుబాసీ ప్రమీలారాణి. అడవిలో సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు. అడిగింది.

"ఎందుకు లేదు? గీ అడవిల దోమలు మస్తుగున్నయ్," అన్నాడు కిషన్‌లాల్.

1992 ఎండాకాలం. మణుగూరు అవతల, గోదావరి ఒడ్డున ఒక మామిడిచెట్టు. బోదెకు డ్రిల్లుతో పెట్టిన రంధ్రం. హార్వే చేతిలో విషం నింపిన సిరంజి. కింద కాళ్ళూ చేతులూ కట్టేసి పడి ఉన్నవాడు పండ్ల పరిశోధన కేంద్రం డైరెక్టర్, డాక్టర్ దూలయ్య. కిషన్‌లాల్ తునికాకు కాంట్రాక్టర్ వేషంలో వచ్చి, కావాలనే పట్టుబడ్డాడు.

ఢిల్లీ మేధావులు మణుగూరు భారజల ప్లాంటుకే ముప్పని ఫైళ్ళు నింపుతున్నారు. హార్వేకు భారజలం అక్కర్లేదు. జిల్లాలో తోటలన్నీ ఒకే తల్లిచెట్టు అంట్లు. వేరుకుళ్ళు సోకితే అన్నీ ఒకేసారి చస్తున్నాయి. ఏటా వరదలో మునిగినా కుళ్ళనిది ఈ అడవిమామిడి ఒక్కటే. దీనితో సంకరం చేస్తేనే తోటలకు బతుకు.

"దీని అంటుకొమ్మలు నా పెట్టెలో ఉన్నాయి," హార్వే నవ్వాడు. "ఈ చెట్టు చచ్చాక మీ మామిడిని మీకే అమ్ముతాను."

ప్రమీలారాణి తెలుగులో చెప్పింది.

"చెట్టును చంపేటందుకు లండన్ నుంచి రావాల్నా? మా తండా మేకలు ఫ్రీగ చేస్తయ్," అన్నాడు కిషన్‌లాల్.

సిరంజి రంధ్రం అంచును తాకింది.

"పుల్ల మామిడి," అన్నాడు కిషన్‌లాల్ తాపీగా. "ఉప్పు తెచ్చినవా?"

"ఏమంటున్నాడు?" హార్వే తల తిప్పాడు.

అది కోడ్. పిస్టల్ తిరిగింది, పేలింది. సిరంజి ముక్కలై విషం హార్వే బూట్ల మీద కారింది.

"నేను ముందు నుంచీ వీళ్ళ మనిషినే," ప్రమీలారాణి ఇంగ్లీషులో చెప్పింది. "మీ జీతం మాత్రం మంచిగా ఉండేది."

కిషన్‌లాల్ హార్వేకు బేడీలు వేశాడు.

"టైముకొచ్చిన్రు," దూలయ్య మూలిగాడు. "నిన్న వీడు విమానం దిగి, బూర్గంపాడుల నన్ను ఎత్తుకొచ్చిండు. దీని జాడ నాకొక్కనికే ఎరుక గదా. తుపాకి పెడితే చూపిచ్చిన. జల్దీ విప్పున్రి."

కిషన్‌లాల్ పెట్టె తెరిచాడు. తడి నాచులో కొమ్మలు. కోసిన చోట సొన ఇంకా ఆరలేదు. ఆకులు లేవు, తొడిమలు రాలిపోయాయి, మొగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"డాక్టర్ సాబ్, అంటుకొమ్మకు ఆకులు ఎప్పుడు తీస్తరు?"

"కోసేదానికి వారం ముందు. కొమ్మ చెట్టుకున్నప్పుడే. గప్పుడే మొగ్గ ఉబ్బుతది." దూలయ్య చిరాకుపడ్డాడు. "గిదీ ఎరుక లేదా మీ డిపార్ట్‌మెంటోళ్ళకు?"

"అవ్, ఇప్పుడే ఎరుకైంది. వారం కింద హార్వే లండన్‌ల ఉండె."

ప్రమీలారాణి కట్లు విప్పబోయి ఆగింది.

"అయితే ఆకులు ఎవరు తీసిన్రు, కిషన్?"

"తాడు ఇంకింత బిగించు, చెప్త. చెట్టు జాడ తనొక్కనికే ఎరుకన్నడు గదా, గీ కట్లు ఉత్త నాటకం. చెట్టెక్కి ఆకులు తీసినోడు, చెట్టును అమ్మినోడు, ఇప్పుడు మనకు పాఠం చెప్పినోడు ఒక్కడే. డాక్టర్ దూలయ్య."