ప్రిచర్డ్ పట్టాల మీద లైల్ కారు

అది 2009. ఇండియానాలో మొక్కజొన్న కోతలు ముగుస్తున్న అక్టోబరు. చీకటి పడితే ప్రిచర్డ్ రైలు పట్టాల వైపు ఎవరూ బండి తిప్పేవారు కాదు. అక్కడ గేటు లేదు, దీపం లేదు. డెబ్బై ఒకటిలో లైల్ అనే కుర్రాడి ట్రక్కు ఆ పట్టాల మీద ఆగిపోయింది... రైలు ఆగలేదు. అప్పటినుంచీ అక్కడ ఇంజన్లు వాటంతటవే చచ్చిపోతాయని ఊరంతా చెప్పుకునేది.

వెర్లిన్ అవన్నీ నమ్మే రకం కాదు. లైల్ ఇంట్లో వదిలిపోయిన మజిల్ కారును, అంటే పెద్ద ఇంజనున్న ఆ కాలపు జోరుబండిని, అతని తమ్ముడు ఆరిన్ దగ్గరే కొన్నాడు. ఏళ్ల తరబడి దాన్ని విప్పి మళ్ళీ కట్టాడు. పైన అరవై తొమ్మిదినాటి రేకు, అప్పటి ఎర్రరంగే. లోపల అంతా కొత్తది — కంప్యూటరు నడిపే ఇంజను, కరెంటు పెట్రోలు పంపు, పళ్ళెమంతేసి బ్రేకులు. ఆరిన్ సాయం చేస్తానన్నా, "నా కారు మీద ఇంకొకడి పానా పడదు" అనేవాడు.

తొలిసారి రోడ్డెక్కింది ఒక శుక్రవారం. పాత కార్లవాళ్ళంతా హోటలు ముందు చేరే సాయంత్రం. ఆరిన్ పక్కన కూర్చున్నాడు. పట్టాల గట్టు ఎక్కి దిగారో లేదో — వెనకనుంచి టక్‌మని చిన్న చప్పుడు. ఇంజను ఆగిపోయింది. కారు దొర్లుకుంటూ పోయి పట్టాల అవతల నిలిచింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ, అందుకోవడం లేదు.

ఆరిన్ దిగి డిక్కీ ఎత్తాడు. లోపల చెయ్యి పెట్టాడు.

"ఇప్పుడు తిప్పు."

అందుకుంది!

"ఏం చేశావురా?"

"లైల్‌ని అడిగాను. సరే పొండి అన్నాడు." ఆరిన్ పళ్ళికిలించాడు.

వెర్లిన్ నవ్వలేదు. "నీకు కారు మళ్ళీ కావాలి. అందుకే చచ్చిన అన్న పేరు చెప్పి బెదరగొడుతున్నావు. డిక్కీలో ఏం పెట్టావు?"

"ముసలి గాడిదా... నిజంగానే అంటున్నావా?"

"నడిచి పో."

మరుసటి శుక్రవారం చీకటి పడ్డాక వెర్లిన్ ఒక్కడే బయలుదేరాడు. డిక్కీకి తాళం వేశాడు. రెండో తాళంచెవి కూడా జేబులోనే. ఇప్పుడు వాడెలా ఆపుతాడో చూద్దాం... అనుకుంటూ గట్టు మీదికి వేగంగా ఎక్కించాడు.

టక్.

తన వెనకే... దగ్గరగా. కారులో ఎవరూ లేరు! ఒళ్ళు జలదరించి కాలు బ్రేకు మీద పడింది. కొత్త బ్రేకులు — కారు ఉన్నచోటే కూలబడింది. పట్టాల మధ్యన.

తాళం తిప్పాడు. తిరుగుతోంది... అందుకోవడం లేదు.

అద్దంలో చూశాడు. వెనక దీపాల ఎర్రటి వెలుగులోకి ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. చిన్నప్పుడు చూసిన అవే వంగిన భుజాలు. లైల్ భుజాలు. వెర్లిన్ తలుపులకు గడియ నొక్కాడు.

డిక్కీ మీద దబదబా గుద్దులు. "తియ్యి... డిక్కీ తియ్యి!"

రైలు కూత. దగ్గర్లోనే.

ఆ ఆకారం కిటికీ దగ్గరికొచ్చింది. రాయి దెబ్బకు అద్దం బద్దలైంది. ఒక చెయ్యి లోపలికొచ్చి తలుపు లాగింది, వెర్లిన్ కాలరు పట్టి గడ్డిలోకి విసిరింది —

రైలు దడదడలాడుతూ దాటిపోయాక, పక్కన ఎవరో మూలుగుతున్నారు. ఆరిన్!

"బటను రా, వెధవా... నువ్వు బిగించిన బటనే..."

కారు దేన్నైనా గుద్దితే పెట్రోలు పంపును ఆపేసే బటను అది. ఒక తుక్కుబండిలోంచి ఊడదీసి, వెర్లిన్ తానే దాన్ని డిక్కీలో, వెనక చక్రం పైనున్న పల్చటి రేకుకు బిగించాడు. గట్టి కుదుపు తగిలితే చాలు, టక్‌మని పైకి లేస్తుంది. వేలితో నొక్కితే మళ్ళీ పంపు ఆడుతుంది; మొదటిసారి ఆరిన్ చేసింది అదే. తప్పు చేసినవాడే దాన్ని కనిపెట్టేదాకా ఏడిపించడం ఆ కార్లవాళ్ళ సరదా. హోటలు ముందు అందరిలో చెప్పి నవ్విద్దామనుకున్నాడు ఆరిన్. మాటామాటా పెరిగాక చెప్పలేదు. కానీ వదిలేయడానికి మనసొప్పక, ఆ రాత్రి పట్టాల దగ్గర కాచుకున్నాడు.

రైలు విసిరిన కారు వెనక చక్రం ఆరిన్ కుడికాలి మీదుగా పోయింది. ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు.