సంఘానికి తెలిసిన గది

విశాఖపట్నంలో మొదటి సాక్షి చనిపోయింది హోటల్ గది తప్పుగా ఎంచడం వల్ల.

అతని పేరు నూకయ్య. ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్ళే మనిషి. గది నంబర్ 108, కింది అంతస్తు, కిటికీ పార్కింగ్ వైపు. పొద్దున్న తలుపు తీసేసరికి మంచం మీద మనిషి లేడు, శవం ఉంది.

"ఇక మిగిలింది ఒక్క సాక్షి," అన్నాడు చీఫ్. పలాస స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో పేపర్ చదువుతున్న పెద్దమనిషిలా కూర్చున్నాడాయన. పేపర్ దించకుండానే మాట్లాడుతున్నాడు. "దేవరాజు. లైట్‌హౌస్‌లో దీపం చూసేవాడు. పోయిన నెల సముద్రంలోంచి రబ్బరు పడవలో దిగినవాడి ముఖం అతను కూడా చూశాడు. ఆ విదేశీ ముఠా నాయకుడు ఇప్పుడు మన కస్టడీలో ఉన్నాడు. గురువారం పది గంటలకి దేవరాజు గుర్తు పట్టాలి. పట్టకపోతే వాడు అదే సాయంత్రం విమానం ఎక్కేస్తాడు."

"నా పని?"

"బుధవారం రాత్రికి ఒక హోటల్ ఎంచు. అంతే."

క్రాంతికుమార్ తలూపాడు. ఖద్దరు చొక్కా, చేతిలో ఐదు కిలోల జీడిపప్పు డబ్బా. చూసినవాళ్ళెవరైనా కాశీబుగ్గ జీడి బ్రోకర్ అనుకుంటారు. గూఢచారి శాఖలో అతనికున్న పేరు వేరు. ఇరవై ఏళ్ళలో మూడు వందల పైచిలుకు హోటళ్ళు. అతను ఎంచిన గదిలో ఇంతవరకూ ఒక్క ప్రాణం పోలేదు.

నియమాలు ఐదు. స్టార్ హోటల్ వద్దు, లాబీలో కొత్త ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు. చవక లాడ్జి వద్దు, తాళంచెవి నలుగురి చేతుల్లో తిరుగుతుంది. మూడో అంతస్తుకి తగ్గకూడదు. ఎదురుగది కూడా మన చేతిలో ఉండాలి. ఐదోది అన్నిటికంటే ముఖ్యం: గది నంబర్ రెండో మనిషికి తెలియకూడదు.

ఆ ఐదో నియమం అతని బతుకంతా ఆక్రమించేసింది. అతనెక్కడున్నాడో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళు కూడా లేరు. హోటల్ రిజిస్టర్లో 'అత్యవసరమైతే ఎవరికి తెలపాలి' అన్న గడిలో ప్రతిసారీ ఒక అడ్డగీత గీసేవాడు. ఆ గీత ఇప్పుడు చాలా తిన్నగా వస్తోంది.

మంగళవారం మధ్యాహ్నానికి ఎంపిక పూర్తయింది. విశాఖలో సాగరదీప్ హోటల్, నాలుగో అంతస్తు, 412. ఎదురుగా 409 తనకి. మేనేజర్ పాత స్నేహితుడు. నంబర్ దేవరాజుకి మాత్రం చెవిలో చెప్పాడు.

"ఎవరికీ చెప్పకండి."

"నానెందుకు సెప్తాను బాబూ," అన్నాడు దేవరాజు. అరవై ఏళ్ళ మనిషి, అబద్ధం ఆడటం చేతకాని ముఖం.

సాయంత్రం ప్రయాణం టికెట్ ఇద్దామని క్రాంతి మళ్ళీ దేవరాజు ఇంటికి వెళ్ళాడు. ఇంటి నిండా చెప్పులు. లోపల చర్చి సంఘం ప్రార్థన కూటం. చాపల మీద ముప్పై మంది. మూలన కీబోర్డు ముందు తెల్ల చీరలో జెన్నిఫర్.

జెన్నిఫర్ శాఖ మనిషే. ఆర్నెల్ల కిందట చర్చి క్వయర్‌కి సంగీతం నేర్పే టీచర్‌గా శాఖే పలాసకి పంపింది. ఆమె నవ్వితే పక్కవాడు దారి మరిచిపోతాడు. పోయిన వారం బారువ బీచ్‌లో నడుస్తూ క్రాంతి తన అసలు పేరు ఆమెకి చెప్పబోయి, ఆఖరి నిమిషంలో ఆగిపోయాడు. హోటల్ సంగతి ఆమెకీ చెప్పలేదు.

దేవరాజు భార్య రాహేలు కళ్ళు మూసుకుని, చేతులు చాచి గట్టిగా ప్రార్థిస్తోంది.

"పెబువా! మా ఇంటాయన రేపు ఇసాపట్నం ఎలతన్నాడు. సాగరదీప్ ఓటల్లో, నాలుగో అంతస్తులో, 412 గదిలో దిగుతాడు. ఆ గది సుట్టూ నీ దూతల్ని కాపలా ఎట్టు తండ్రీ!"

"ఆమెన్!" అన్నారు ముప్పై మంది.

క్రాంతి ముఖాలన్నీ గబగబా వెతికాడు. ఆ ముప్పై మందిలో ఒక్కరే కళ్ళు తెరిచి ఉన్నారు. జెన్నిఫర్. ఆమె పెదవులు చప్పుడు లేకుండా ఒక సంఖ్యని వల్లె వేసుకుంటున్నాయి.

పది నిమిషాల తర్వాత ఆమె ఎస్టీడీ బూత్‌లో ఉంది. అద్దం బయట, టీ గ్లాసు వెనక, క్రాంతి ఆమె వేళ్ళని చదివాడు. సున్నా, ఎనిమిది, తొమ్మిది, ఒకటి. విశాఖ. పెదవులు చదవడం అతనికి కొట్టిన పిండి. "నాలుగు వందల పన్నెండు. గురువారం పొద్దున్నే. ముసలాణ్ణి గుర్తు పట్టడానికి నేనూ వస్తాను."

టీ చల్లారిపోయింది. నూకయ్య గది నంబర్ ఎవరు చేరవేశారో ఇప్పుడు తెలిసింది. అసలు పేరు చెప్పనందుకు సంతోషపడాలి. సంతోషం రాలేదు.

చీఫ్ ఫోన్‌లో ఒక్క మాటే అన్నాడు. "ఆమెని ముట్టుకోకు, తుపాకీ పట్టుకున్నవాడు కూడా చిక్కాలి. ముసలాయనకి గది మార్చు."

గది మార్చడానికి దేవరాజు ఒప్పుకోలేదు.

"ఆ గది కోసం సంగమంతా పార్దన సేసీసినారు బాబూ. ఇప్పుడు ఇంకో గదిలో తొంగుంటే ఎలాగ?"

"అమ్మా, మీరైనా చెప్పండి. రేపు ఇంకో హోటల్ పేరుతో ప్రార్థన చెయ్యండి, చాలు."

రాహేలు బుగ్గన వేలేసుకుంది. "దేవుడికి అబద్దం సెప్పమంతన్నావేటి?"

"అసలు దేవుడికి గది నంబర్ తెలియదా అమ్మా?"

"ఆయనకి తెలుసు. సంగానికి తెలవాల కదా!" అని, అతని ముఖం చూసి జాలిగా అడిగింది. "నువ్వు ఊరెలితే నీకోసం అడిగీవోలు ఎవలూ లేరేటి?"

క్రాంతి చెప్పులు వేసుకున్నాడు.

బుధవారం సాయంత్రం దేవరాజు తన కళ్ళతో 412 నంబర్ చూసుకుని గదిలోకి వెళ్ళాడు. లోపల గడియ పడింది.

"ఎవరు తట్టినా తలుపు తియ్యకండి. మాట్లాడకండి."

"మాటాడను బాబూ."

క్రాంతి జేబులోంచి పెన్ను తీశాడు. మూత తిప్పితే అది స్క్రూడ్రైవర్. ఎదురెదురు తలుపుల మీద ఇత్తడి నంబర్ పలకలు. రెండు స్క్రూలు ఇటు, రెండు అటు. మూడు నిమిషాల్లో 409 తలుపుకి 412 వచ్చింది, 412 తలుపుకి 409 వెళ్ళింది. దేవరాజు, సంఘం ప్రార్థన చేసిన గదిలోనే ఉన్నాడు. చావు మాత్రం ఎదురు తలుపు తడుతుంది.

ఆ తలుపు వెనక క్రాంతి కూర్చున్నాడు. మెట్ల కింద మఫ్టీలో నలుగురు పోలీసులు.

గురువారం. ఆరుంబావు.

కిటికీలో వెలుతురు పడుతుండగా లిఫ్ట్ ఆగింది. తలుపుకున్న కంతలోంచి చూశాడు. తెల్ల యూనిఫారంలో ఒకడు, చేతిలో కాఫీ ట్రే, ట్రే మీద గుడ్డ, గుడ్డ కింద పొడవాటి గొట్టం. వెనక నల్ల కళ్ళద్దాల్లో జెన్నిఫర్.

"కాఫీ సార్!" వాడు క్రాంతి తలుపు తట్టాడు.

క్రాంతి గడియ మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు ఎదురుగదిలోంచి పాట వినిపించింది.

ముప్పై ఏళ్ళపాటు లైట్‌హౌస్‌లో ఆ వేళకే దీపం ఆర్పాడు దేవరాజు. ఆర్పగానే ఉదయకాల కీర్తన పాడటం ఆయన అలవాటు. సముద్రం హోరుని మించి పాడాలి కాబట్టి గొంతు చాలా పెద్దది. శ్రుతి అసలు ఉండదు. తట్టినా మాట్లాడొద్దని క్రాంతి చెప్పాడు గానీ, పాడొద్దని ఎవరు చెప్పారు?

జెన్నిఫర్ తల చటుక్కున తిరిగింది. ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం ఆ గొంతుని శ్రుతిలో పెట్టలేక చచ్చింది ఆమే.

"ఆ గది కాదు! ఇదే!" అంది. "పలకలు మార్చారు. తాళం మీద కాల్చు!"

గొట్టం ఎదురు తలుపు వైపు తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

క్రాంతి తలుపు తెరిచాడు. ఐదు కిలోల జీడిపప్పు డబ్బా గాల్లో లేచి వాడి మణికట్టు మీద పడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. పప్పులు, కాఫీ, మనిషి, అన్నీ కలిసి నేల మీద. మెట్ల మీద బూట్ల చప్పుడు. కీర్తన ఆఖరి చరణానికి వచ్చింది.

సంకెళ్ళు వేస్తుంటే జెన్నిఫర్ కళ్ళద్దాలు తీసింది.

"గదులు బాగా ఎంచుతావు క్రాంతీ. ఏ గదిలోనూ నువ్వుండవు, అదే నీ లోటు. రేపు నువ్వు చస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ మేనేజర్‌కి కూడా తెలియదు."

క్రాంతి వంగి, ఖాళీ డబ్బాలోకి జీడిపప్పులు ఏరుకున్నాడు.

పది గంటలకి దేవరాజు పదిమంది వరసలో మూడోవాడి ముందు ఆగాడు. "ఈడే." ఒక్క మాట. విమానంలో ఒక సీటు ఖాళీగా వెళ్ళింది.

మర్నాడు పలాస ప్లాట్‌ఫారం మీద రాహేలు మొగుణ్ణి తల నుంచి పాదాల దాకా తడిమి చూసింది. తర్వాత, రైలు మెట్ల మీదే నిలబడ్డ క్రాంతి వైపు తిరిగింది. అతను అదే రైల్లో ఇంకా ముందుకి వెళ్ళాలి.

"నువ్వెక్కడికి బాబూ?"

"కలకత్తా."

"ఏ ఓటలు?"

ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గార్డు విజిల్ వేశాడు. క్రాంతికి ఐదో నియమం గుర్తొచ్చింది. రైలు కదిలింది. రాహేలు రైలుతో పాటు నాలుగడుగులు నడిచింది.

"మూడో అంతస్తు," అన్నాడు క్రాంతి తలుపు పట్టుకుని వంగి. హోటల్ పేరు అరిచి చెప్పాడు. "307!"

కలకత్తా హోటల్ రిజిస్టర్లో 'అత్యవసరమైతే' గడి దగ్గర కలం ఆగింది. ఈసారి గీత రాలేదు. 'రాహేలు, పలాస' అని వచ్చింది.

ఆదివారం పదిన్నరకి గడియారం చూసుకున్నాడు. ఈ సరికి పలాసలో సంఘంవాళ్ళు లేచి నిలబడి ఉంటారు. తన గది నంబర్ పైకే చదివి ఉంటారు. మధ్యాహ్నం పడుకుంటే, చాలా ఏళ్ళ తర్వాత, బూట్లు విప్పి నిద్రపోయాడు.

రహస్యం బయటపడ్డ గదిలో ఉండకూడదన్నది శాఖ నిబంధన. సోమవారం పొద్దున్నే వేరే హోటల్‌కి మారాడు. కౌంటర్ దగ్గర ఒక పోస్టు కార్డు కొని, కొత్త గది నంబర్ రాసి పలాసకి పోస్టు చేశాడు.

అంతమంది ప్రార్థన చేస్తూ ఉంటే, దూతలు పాత గది ముందు కాపలా కాయడం బాగుండదు కదా!