ముందు బొమ్మకి

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి, పిల్లల వార్డులో పగలే లైట్లు వేశారు. తడిసిన గోడల వాసన, దాని మీద ఫినాయిలు వాసన. మూల మంచం మీద నా మనవరాలు. నిమ్ము చేసింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయి. మా అమ్మాయి మందుల కోసం కిందికెళ్ళింది. నేను స్టూలు మీద కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

పాప చంకలో గుడ్డబొమ్మ. మా మేనత్త కుట్టింది. మా ఇంట్లో ఏ బిడ్డకు జబ్బు చేసినా దాన్ని పక్కన పడుకోబెడతాం. ఇంతవరకూ లేవని బిడ్డ లేదు. మా అమ్మ మాత్రం దాన్ని పెట్టెలోంచి తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పెద్ద డాక్టరుగారు వైద్య విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పసిపిల్లల్ని ఎలా పరీక్షించాలో నేర్పే రోజట.

"బిడ్డ ఏడ్చిందంటే మీకు గుండె వినపడదు, ఏడుపే వినపడుతుంది. అందుకని స్టెతస్కోపు ముందు బొమ్మకి పెట్టాలి. భయం తీరాక బిడ్డకి. ఎవరు వస్తారు?"

వెనకనుంచి ఎవరో ఒక కళ్ళజోడు అమ్మాయిని ముందుకు తోశారు. "వెళ్ళవే, బొమ్మయితే నిన్ను చూసి జడుసుకోదులే!" అందరూ కిసుక్కుమన్నారు.

ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుంది. "బంగారం, మీ బొమ్మకి ఒంట్లో బాలేదట కదా. చూడనా?"

పాప తలూపింది.

స్టెతస్కోపు బొమ్మకి ఆనించింది. పెదాల మీద నవ్వు అలాగే ఉంది... కళ్ళలోంచి మాత్రం పోయింది.

"ఏమ్మా, జ్వరమేనా?" అన్నారు డాక్టరుగారు.

"సార్... కొట్టుకుంటోంది."

"నీ గుండేలే అది! పరీక్షలు దగ్గరికొస్తే అంతే. ఇక పాపకి పెట్టు."

పెట్టింది. "గురగుర లేదు సార్."

ఆయనే వంగి విన్నారు. పొద్దున పిల్లికూతలు పెట్టిన రొమ్ము నిశ్శబ్దంగా ఉందట. పక్కటెముకలు కుదుటపడ్డాయి. బుగ్గలకి రంగొచ్చింది. "మందు పట్టిందమ్మా" అని మురిసిపోయారు. నా కళ్ళు చెమర్చాయి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

కళ్ళజోడు అమ్మాయి ఇంకా లేవలేదు. స్టెతస్కోపు తన గుండెల మీద పెట్టుకుంది. కాస్త ఎడమకి జరిపింది. ఇంకాస్త కిందికి... పెదాలు పాలిపోయాయి.

"అమ్మా..." నాకొక్కదానికే వినపడేలా అంది, "నాది... వినపడట్లేదు."

గబుక్కున బొమ్మని లాగాను. పాప చేతిలోంచి అది సగం జారిందో లేదో... పాప పక్కటెముకలు లోపలికి పోయాయి. పెదాలు నీలం తిరిగాయి.

వదిలేశాను.

ఊపిరి మళ్ళీ సర్దుకుంది.

"తర్వాత ఎవరు?" అన్నారు డాక్టరుగారు.

ఒక పొడుగాటి కుర్రాడు స్టెతస్కోపు చెవులకి తగిలించుకుంటూ ముందుకొచ్చాడు. వద్దు నాయనా అందామని నోరు తెరిచాను. పాప వైపు చూశాను. తెరిచిన నోరు మూసుకున్నాను.

పాప లేచి కూర్చుంది. బొమ్మని రెండు చేతులా ఎత్తి అతనికి అందించింది.

"దీనికింకా తగ్గలేదు అన్నయ్యా."

పక్కన ఆ అమ్మాయి తన మణికట్టు పట్టుకుని, వేళ్ళు మార్చి మార్చి, నాడి వెతుక్కుంటూనే ఉంది.